"ఆమె నిజంగానే కుమ్మరి పిల్ల అయితే?" రాకుమారి మారువేషం కథ గురించి నా సమాధానం

మీ కథ రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి అందులో ఏముందో ముందు నాలుగు మాటల్లో చెప్తాను. ఇష్టం లేని పెళ్లి తప్పించుకోవడానికి ఒక రాకుమారి కోట వదిలి పారిపోతుంది. పొరుగు రాజ్యంలో ఒక కుమ్మరి ఇంట్లో పనికి కుదురుతుంది. అటుగా వెళ్తున్న యువరాజు దాహమేసి నీళ్లు అడుగుతాడు. నీళ్లు పోస్తుంటే ఆమె ముసుగు జారుతుంది. ఆ ముఖం చూసి అతను మనసు పారేసుకుంటాడు. కుమ్మరి ఇంటి పిల్లతో పెళ్లేమిటని రాజుగారు ఒప్పుకోరు. చివర్లో ఆమె రాకుమారి అని బయటపడుతుంది, అందరూ సంతోషిస్తారు, పెళ్లి జరుగుతుంది. ఇదంతా విని మీ పదకొండేళ్ల పాప "ఆమె నిజంగానే కుమ్మరి పిల్ల అయితే పెళ్లి చేసేవాళ్లు కాదా?" అని అడిగింది. మీకు జవాబు తోచలేదు. కథలో ఏం మార్చాలి అని అడుగుతున్నారు.

పాతికేళ్లుగా పిల్లలకు కథలు చెప్తున్నాను, పిల్లల కోసం రాసేవాళ్ల కథలు చదివి దిద్దుతున్నాను. మీ పాప అడిగింది ఈ రకం కథలన్నిటికీ ఆయువుపట్టు లాంటి ప్రశ్న. ఒక్క మాటలో చెప్పాలంటే, మీ కథలో రెండు సన్నివేశాల వరస తారుమారు కావాలి. పెళ్లికి అతను సిద్ధపడటం, ఆమె నిజం బయటపడకముందే పూర్తిగా జరిగిపోవాలి. ఆ సిద్ధపడటానికి కారణం కూడా కుమ్మరి పిల్లలో ఉన్నా, రాకుమారిలో ఉన్నా ఒకేలా నిలిచేదై ఉండాలి. అది ముఖం అయితే నిలవదు.

పాత కథలు ఈ చిక్కును ఎలా దాటాయో చూస్తే మీకు దారి దొరుకుతుంది.

గ్రిమ్ సోదరులు 1812లో అచ్చు వేసిన జర్మన్ కథల మొదటి సంపుటంలో 65వది ఇలాంటి కథే. అందులో రాకుమారి పారిపోవడానికి కారణం చాలా భయంకరమైనది, కన్నతండ్రే ఆమెను పెళ్లి చేసుకుంటానంటాడు. ఆమె టైమ్ సంపాదించడానికి సూర్యుడిలాంటిది ఒకటి, చంద్రుడిలాంటిది ఒకటి, నక్షత్రాలలాంటిది ఒకటి, మూడు దుస్తులు అడుగుతుంది. వాటితోపాటు రాజ్యంలోని ప్రతి జంతువు నుంచీ ఒక్కో ముక్క తీసి వెయ్యి రకాల బొచ్చుతో కుట్టిన అంగీ కావాలంటుంది. తండ్రి అన్నీ తెప్పించేసరికి ఇక దారి లేక, మూడు దుస్తులనూ ఒక కాయ డొల్లలో పెట్టుకుని, బొచ్చు అంగీ కప్పుకుని, ముఖానికీ చేతులకూ మసి పూసుకుని అడవిలోకి పోతుంది. చెట్టు తొర్రలో పడుకున్న ఆమెను వేరే రాజుగారి వేటగాళ్లు చూసి వింత జంతువు అనుకుంటారు. ఆ రాజు వంటింట్లో కట్టెలు మోయడం, నీళ్లు తేవడం, బూడిద ఎత్తడం ఆమె పని. మెట్ల కింద వెలుతురు లేని చిన్న గది ఆమె ఇల్లు.

విందు జరిగిన రాత్రి వంటవాణ్ణి బతిమాలి అరగంట బయటికి పోయి, మంచి దుస్తుల్లో రాజుతో నాట్యం చేసి, తిరిగొచ్చి మసి పూసుకుంటుంది. తరవాత రాజుగారికి సూప్ కాచి అందులో తన బంగారు ఉంగరం వేస్తుంది. అలా మూడుసార్లు, ఒక్కోసారి ఒక్కో బంగారు వస్తువు. ఈ కథలో నాకు బాగా నచ్చేది ఆ సూప్. నాట్యం చేసినప్పుడు రాజు చూసింది అందాన్ని, అది నిజమే. కానీ "ఈ సూప్ ఎవరు కాచారు? ఇది నువ్వు రోజూ కాచే దానికంటే బాగుంది" అని వంటవాణ్ణి పిలిపించి అడగడంతోనే వెతుకులాట వంటింటి వైపు మళ్లుతుంది. అతని చూపు విందు గదిలోంచి వంటింట్లోకి దిగాలి. కథ కదలిక అంతా అక్కడే ఉంది.

ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో 1694లో పద్యంగా రాసిన గాడిద తోలు కప్పుకున్న రాకుమారి కథలోనూ ఇంతే. ఆమె చేసిన కేకులో యువరాజుకు ఆమె ఉంగరం దొరుకుతుంది. అది పిండి కలిపేటప్పుడు జారి పడిందని కొందరంటారట. ఆమె కావాలనే వేసిందని పెరో అభిప్రాయం. నేనూ అదే అనుకుంటాను, ఎందుకంటే దాక్కున్న మనిషి తనంతట తాను పంపిన మొదటి కబురు అది.

మన కథల్లోకి రండి. మహాభారతంలో నలుడు అడవిలో విడిచి వెళ్లిపోయాక దమయంతి ఒంటరిగా తిరిగి తిరిగి చేది రాజ్యం చేరుతుంది. అక్కడ రాకుమారి సునంద దగ్గర సైరంధ్రిగా, అంటే అలంకరణ పనులు చేసే పరిచారికగా ఉంటుంది. అప్పుడు కూడా ఎంగిలి తినను, కాళ్లు కడగను అని షరతులు పెట్టే చేరుతుంది. తరవాత పుట్టిల్లు విదర్భకు వచ్చాక మారువేషం నలుడి వంతు అవుతుంది, వెతకడం ఆమె వంతు. అయోధ్యలో ఋతుపర్ణుడి సారథిగా, బాహుకుడనే పేరుతో, గుర్తుపట్టలేని రూపంలో అతనున్నాడు. రూపం చూసి తెలుసుకోవడం కుదరదు. అందుకే రాజుతోపాటు అతను విదర్భకు వచ్చినప్పుడు ఆమె తన చెలికత్తె కేశినిని పంపి అతను ఏం మాట్లాడుతున్నాడో, ఎలా పని చేస్తున్నాడో గమనించమంటుంది. చివరికి అతను వండిన వంట తెప్పించి రుచి చూస్తుంది. నాలుకకు తెలిసిపోయింది, ఇది నలుడి చేతి వంట. ఎక్కడి జర్మనీ, ఎక్కడి విదర్భ! రెండుచోట్లా రహస్యం వైపు దారి చూపించింది చేతిపనే. ముఖాన్ని మార్చుకోవచ్చు, పేరు మార్చుకోవచ్చు. చేతికి అలవాటైన తీరు మాత్రం మారదు.

సంస్కృత నాటకాల్లో ఈ ఇతివృత్తం చాలా ఇష్టంగా వాడారు. కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో మాళవిక విదర్భ రాకుమారి, కానీ విదిశలో రాణి ధారిణి దగ్గర పరిచారిక. హర్షుడి రత్నావళిలో సింహళ రాకుమారి ఓడ మునిగి బతికి బయటపడి, కౌశాంబిలో సాగరిక అనే పేరుతో అంతఃపురంలో పనిచేస్తుంది. సముద్రంలో దొరికింది కాబట్టి సాగరిక. ఆమె రహస్యంగా రాజు బొమ్మ గీసుకుంటుంది, చెలికత్తె పక్కనే ఆమె బొమ్మ గీస్తుంది, వాళ్ల మాటలన్నీ విన్న గోరువంక పంజరంలోంచి తప్పించుకుని రాజు వినేలా తిరిగి పలుకుతుంది. ఎంత ముద్దుగా ఉంటుందో ఆ సన్నివేశం! ఈ రెండు నాటకాల్లోనూ రాజు ప్రేమించేది పరిచారికనే, అంతవరకు బాగుంది. కానీ రాణి ఆమె చేయి రాజుకు అందించేది మాత్రం ఆమె రాకుమారి అని తేలాకే. అంటే మీ కథలో ఉన్న చిక్కు వాటిలోనూ ఉంది. మీరు పొరపాటు చేశారని అనుకోకండి. చాలా పాత మలుపు అది, మీ పాపకు మాత్రం సరిపోలేదు. ఆ నాటకాల్లో రాజుకు ముందే రాణులున్నారు కాబట్టి వాటిని పిల్లల కథకు నమూనాగా తీసుకోవడం ఎలాగూ కుదరదు.

గ్రిమ్ సోదరులదే 1815 నాటి రెండో సంపుటంలో బాతులు కాసే రాకుమారి కథ ఉంది. పెళ్లికి వెళ్తుంటే దాసి ఆమె గుర్రాన్నీ దుస్తులనూ లాక్కుని తనే రాకుమారిగా కోటలోకి పోతుంది. అసలు రాకుమారి బాతులు కాస్తుంది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించారు కాబట్టి చివరికి ఇనప పొయ్యికి తన బాధ చెప్పుకుంటే, ముసలి రాజు దాని గొట్టం దగ్గర చెవి పెట్టి వింటాడు. నేను ఈ కథ మొదటిసారి చెప్పినప్పుడు ఒక పిల్లాడు "యువరాజుకి తేడా తెలియలేదా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. నిజంగానే ఆ కథలో యువరాజు చేసింది ఏమీ లేదు. పక్కన ఎవరున్నారో గమనించలేదు. గమనించింది ముసలాయన. అప్పటినుంచి ఆ కథను న్యాయం జరిగిన కథగా చెప్తున్నాను, ప్రేమ కథగా చెప్పడం మానేశాను.

ఇక మీ కథకు వద్దాం. కుమ్మరి ఇల్లు ఎంచుకోవడం చాలా మంచి ఆలోచన, కానీ దాన్ని మీరు అస్సలు వాడుకోలేదు. ఆమె అక్కడ ఆరు నెలలు ఉందని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. ఆ ఆరు నెలలే అసలు కథ. మట్టిలో రాళ్లు ఏరడం, తొక్కి మెత్తగా చేయడం, సారె అనే తిరిగే చక్రం మీద ముద్దను సరిగ్గా మధ్యకు తేవడం ఎంత కష్టమో రాయండి. మధ్యకు రాకపోతే కుండ వంకర పోతుంది. ఎండలో గబగబా ఆరబెడితే బీటలు వారుతుంది, అందుకే నీడలో నెమ్మదిగా ఆరనివ్వాలి. కాల్చాక వేలితో తట్టి చూస్తారు. మంచి కుండ ఖణేల్‌మంటుంది, బీట ఉన్నది బొంగురుగా మోగుతుంది. కోటలో పెరిగిన పిల్ల మొదటి కుండ కారిపోవాలి. పదో కుండ కూడా కారిపోవాలి. కుమ్మరి భార్య ఒక రోజు విసుక్కోవాలి, ఇంకో రోజు చేయి పట్టుకుని నేర్పాలి.

నేనైతే యువరాజును దాహంతో పంపను. ఊరి చివర బాటసారుల కోసం పెట్టిన నీళ్ల పందిళ్లకు కుండలు కొనే పని అతనిది అనుకుందాం. కొన్ని కుండల్లో నీళ్లు మిగతావాటికంటే చల్లగా ఉంటున్నాయి, అవి తొందరగా పగలడం లేదు. తిప్పి చూస్తే మెడ కింద ఒక బొటనవేలి ముద్ర. కుండ చేసిన మనిషి చివర్లో పట్టుకున్న చోటు. అతను ఆ ముద్ర ఎవరిదో వెతుక్కుంటూ వస్తాడు. వచ్చేసరికి ఆమె మోచేతుల దాకా మట్టిలో ఉంటుంది, ముసుగు అలాగే ఉంటుంది, జారదు. ముఖం చూడకుండానే మాట కలుస్తుంది. నాలుగైదుసార్లు రానివ్వండి. ఒకసారి అతను సారె తిప్పబోయి మట్టి ముద్దను ఎగరగొట్టాలి. ఆమె నవ్వాలి. కోట వదిలాక ఆమె నవ్వడం అదే మొదటిసారి అని కుమ్మరి భార్య మాత్రమే గమనించాలి.

వేషం గురించి ఒక జాగ్రత్త. పాత కథల్లో మసి పూసుకుంటే అనాకారి, కడుక్కుంటే తెల్లగా అందంగా, ఇలా ఉంటుంది. జర్మన్ కథలో చివరికి ఆమె దొరికిపోయేది కూడా తొందరలో మసి అంటకుండా మిగిలిపోయిన ఒక తెల్లని వేలి వల్లే. ఆ వేలికి తను తొడిగిన ఉంగరం చూసి రాజు గుర్తుపడతాడు. ఆ ఉంగరం ఉంచుకోవచ్చు, తెలుపును మాత్రం దయచేసి వదిలేయండి. నల్లగా కనబడటమే మారువేషం అని రాస్తే, వింటున్న పిల్లల్లో సగం మందికి మనసు గుచ్చుకుంటుంది. ఈ సంగతి నేను పిల్లల ముఖాలు చూసి తెలుసుకున్నాను. కన్నడ జానపద కథల్లో హంచి అనే అమ్మాయి మట్టి ముసుగు పెట్టుకుంటుంది. ఎ.కె. రామానుజన్ సేకరించి ఇంగ్లీషులోకి తెచ్చిన కథ అది. ఆమె పేరు కూడా ఆ మట్టి పెంకు మీద వచ్చిందే. మీ రాకుమారి ఎలాగూ కుమ్మరి ఇంట్లోనే ఉంది కాబట్టి ముఖం మీద ఆరిన మట్టి పూత చాలు.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన చోటు, అబద్ధం. మీ చిత్తుప్రతిలో యువరాజుకు నిజం తెలియగానే సంబరపడిపోతాడు. నాకు అది నమ్మకంగా అనిపించలేదు. నెలల తరబడి తనతో మాట్లాడిన మనిషి పేరు కూడా అసలుది కాదని తెలిస్తే ఎవరికైనా ముందు బాధ కలుగుతుంది. ఆ బాధకు చోటివ్వండి. నిజం ఎవరో సైనికుడు వచ్చి చెప్పడం కూడా మార్చండి, ఆమే చెప్పాలి. అది కూడా, చెప్తే ఆమెకు నష్టం ఉన్నప్పుడు చెప్పాలి. మీ కథలో నిజం బయటపడితే ఆమెకు లాభమే తప్ప నష్టం లేదు. నిజానికి ఆమె పారిపోయి వచ్చిన మనిషి. రాకుమారి ఇక్కడుందని తెలిస్తే తండ్రి మనుషులు తీసుకెళ్లిపోతారు, ఆ ఇష్టం లేని పెళ్లి మళ్లీ మెడకు చుట్టుకుంటుంది. ఆశ్రయం ఇచ్చినందుకు కుమ్మరి కుటుంబానికీ ముప్పే. అంత టెన్షన్‌లో కూడా ఆమె నోరు విప్పితే, అప్పుడు ఆ మాటకు విలువ.

వరస ఇలా పెట్టి చూడండి. ముందు యువరాజు తండ్రి దగ్గరికి వెళ్లి "నేను కుమ్మరి గారింటి పిల్లను పెళ్లి చేసుకుంటాను" అంటాడు. రాజు కోప్పడతాడు, వారసత్వం రాదంటాడు. యువరాజు సరే అని వచ్చి కుమ్మరి ఇంటి ముందు నిలబడి పిల్లనివ్వమని అడుగుతాడు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టదు. తెల్లవారి సారె దగ్గర అతన్ని కూర్చోబెట్టి చెప్పేస్తుంది. ఈ సంభాషణ నా మనసులో ఇలా వినిపిస్తోంది, మీకు నచ్చితే వాడుకోండి:

"ఇన్నాళ్లూ ఎందుకు దాచావు?"

"మొదట్లో నువ్వు ఎలాంటివాడివో తెలియదు. తెలిశాక భయం వేసింది."

"ఏమని?"

"రాకుమారినని తెలిస్తే నీ మనసులో ఈ కుండలు చేసే మనిషి ఉండదేమోనని. నీకు చెప్పనిది నా పేరూ, ఊరూ. మిగతాదంతా నీ ముందే చేశాను."

అతను వెంటనే ఏమీ అనకూడదు. లేచి వెళ్లిపోవాలి. మధ్యాహ్నందాకా రాకూడదు. వింటున్న పిల్లలు ఇక్కడ ఊపిరి బిగబడతారు, ఆ నిశ్శబ్దాన్ని తొందరపడి చెడగొట్టకండి. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఆమె చేసిన మొట్టమొదటి కుండ, ఆ కారిపోయేది, ఉండాలి. కుమ్మరి భార్య పారేయకుండా దాచి ఉంచిందన్నమాట. "ఇది చేసినప్పుడు నీకు కుండలు రావు, నేను నీకు తెలియను. అప్పటినుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పు" అంటాడు. క్షమించడాన్ని ఉపన్యాసంగా చెప్పించకుండా ఇలా ఒక పనిగా చూపిస్తే పిల్లలకు సూటిగా అందుతుంది.

తండ్రి మనుషులు వచ్చినప్పుడు యుద్ధం పెట్టొద్దు, ఈ కథకు అనవసరం. ఆమె ముఖం మీద మట్టి కడుక్కుని తనే వాళ్ల ముందుకు వెళ్లి "నేను రాను" అని చెప్పగలగాలి. మొదటి పేజీలో ఆ మాట అనలేక పారిపోయింది, ఇప్పుడు అనగలుగుతోంది. పక్కన యువరాజు, కుమ్మరి, అతని భార్య, వీధిలోవాళ్లంతా నిలబడితే చాలు. యువరాజు తండ్రి సంగతి మీ ఇష్టం. నేనైతే ఆయన మనసు ఈ ఘట్టానికి ముందే మార్చేస్తాను. కొడుకు లేని కోటలో ఆయన ఒక మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా నీళ్ల పందిరి దగ్గరికి వచ్చి, చల్లటి నీళ్లు తాగి, కుండ మెడ కింద ముద్రను వేలితో తడిమి చూసి, "ఆ పిల్లను ఇంటికి తీసుకురమ్మనండి" అనాలి. ఆయనకు అప్పటికి ఆమె ఎవరో తెలియదు. మీ పాప ప్రశ్నకు కథ లోపలే జవాబు వచ్చేది ఇక్కడే, మీరు విడిగా వివరించాల్సిన పని ఉండదు.

చివరగా, పెళ్లి దగ్గర ఆపేయకండి. ఇంకో అర పేజీ రాయండి. నేను ఇలాంటి కథలు చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు "ఆ బొచ్చు అంగీ ఏమైంది?" అని అడుగుతారు. వేషం ఎక్కడికి పోయిందన్నది పిల్లలకు చాలా ముఖ్యం, దానితోనే వాళ్లు కథంతా నడిచారు కదా. మీ కథలో అయితే కోట పెరట్లో ఒక సారె ఉండాలి. పొద్దున్నే అది తిరుగుతున్న చప్పుడు వినిపించాలి. నీళ్ల పందిళ్లలో కుండల మెడ కింద ఇప్పుడు రెండు ముద్రలు కనిపించాలి, ఒకటి చక్కగా, రెండోది కాస్త వంకరగా. ఆ వంకర ముద్ర ఎవరిదో మీరు రాయకండి, మీ పాపనే చెప్పమనండి. ఏం చెప్పిందో నాకు తప్పకుండా రాయండి.